కన్వెన్షన్ సెంటర్ కడితే జిల్లాకు ఎంత మిగులుతుంది? ఐదు లెక్కల్లో ఏది నమ్మాలి

ఒక డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) ఊహించుకోండి. నెల్లూరులో ప్రభుత్వ సొమ్ము వంద కోట్లతో కన్వెన్షన్ సెంటర్. మొదటి పేజీలోనే పెద్దక్షరాల్లో ఇలా ఉంటుంది: ఏటా 2 లక్షల మంది వస్తారు, మనిషికి 3 వేలు ఖర్చు పెడతారు, ఆ డబ్బు జిల్లాలో చేతులు మారి రెండింతలవుతుంది (గుణకం 2), కాబట్టి జిల్లాకు ఏటా 120 కోట్ల ఆర్థిక ప్రభావం. సమావేశంలో ఆ ఒక్క పేజీ చదువుతారు, చేతులెత్తి ఆమోదిస్తారు. మిగతా రెండొందల పేజీలు బీరువాలోకి వెళ్తాయి.

పైన చెప్పిన అంకెలు నేను ఉదాహరణకు వేసుకున్నవే. లెక్క కట్టే తీరు మాత్రం ఎక్కడైనా ఇదే. ఆడిట్ పనిలో నేను నేర్చుకున్నది ఒకటుంది: మొత్తం ఎంత అని అడిగే ముందు, ఆ మొత్తంలోకి ఏది చేరింది, ఏది చేరకూడదు అని అడగాలి. కన్వెన్షన్ సెంటర్ల విషయంలో ఆ ప్రశ్నకు జవాబిచ్చే పద్ధతులు ప్రధానంగా ఐదున్నాయి. కార్పొరేటర్‌కు, విలేకరికి, లాడ్జి యజమానికి, ఆస్తి పన్ను కట్టే ఇంటాయనకు ఒకే పద్ధతి సరిపోదు. నెల్లూరు, ఒంగోలు లాంటి ఊళ్లను దృష్టిలో పెట్టుకుని ఎవరికి ఏది పనికొస్తుందో చూద్దాం.

## ముందు కొలబద్దలు

పద్ధతుల జోలికి వెళ్లే ముందు, ఏ లెక్కనైనా నాలుగు ప్రశ్నలతో పరీక్షించాలి.

మొదటిది హద్దు. "ప్రాంతం" అంటే ఏది? ఊరా, జిల్లానా, రాష్ట్రమా? ఇది మాటల గారడీ కాదు, జవాబును తలకిందులు చేసే విషయం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగినప్పుడు సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. అంతకు ముందు ఫ్లెమింగో పండగకు వచ్చిన పర్యాటకుడు అక్కడ తిన్న భోజనం నెల్లూరు జిల్లా లెక్కలోకి వచ్చేది, ఆ తర్వాత రాదు. కొంగలు అవే, పులికాట్ అదే, మారింది గీత ఒక్కటే. అలాగే తిరుపతిలో జరగాల్సిన డాక్టర్ల రాష్ట్ర సదస్సును నెల్లూరుకు లాక్కొస్తే నెల్లూరు జిల్లాకు అది లాభం, రాష్ట్రానికి సున్నా. అందుకే నిధులు ఎవరివైతే హద్దు కూడా వాళ్లదే కావాలని నా అభిప్రాయం. రాష్ట్ర ఖజానా డబ్బుతో కట్టి, మేలు మాత్రం జిల్లా గీతతో కొలిస్తే పక్క జిల్లా నష్టం ఎవరికీ కనపడదు.

రెండోది, అసలైనది: హాలు లేకపోతే ఏమయ్యేది? పెన్నా కాలవ కింద సేద్యం చూసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. పై మడిలో నీళ్లు కింది మడిలోకి మళ్లిస్తే చెరువులో నీళ్లు పెరిగినట్టు కాదు. మాగుంట లేఅవుట్‌లో ఉండే కుటుంబం నిన్నటిదాకా ప్రైవేటు ఫంక్షన్ హాల్లో చేసే పెళ్లిని రేపు సర్కారు హాల్లో చేస్తే జేబు మారింది, అంతే. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగకు వచ్చిన భక్తుడు స్వర్ణాల చెరువులో రొట్టె పట్టుకుని, దారిలో ఏదో ఎగ్జిబిషన్ కూడా చూసి వెళ్తే అతను ఎగ్జిబిషన్ కోసం వచ్చినట్టా? కాదు. అతను ఎలాగూ వచ్చేవాడే. ఒంగోలు, టంగుటూరు వేలం కేంద్రాలకు పొగాకు కొనడానికి వచ్చే కంపెనీ బయ్యర్లూ అంతే.

మూడోది, వచ్చిన రూపాయిలో ఎంత ఇక్కడ నిలుస్తుంది? కృష్ణా నీళ్లు సోమశిల, కండలేరు మీదుగా చెన్నైకి పోతాయి. మన జిల్లా గుండా పారినంత మాత్రాన అవన్నీ మనవి కావు. ఈవెంట్ డబ్బు కూడా చాలావరకు ఇలాగే పారుతుంది. సౌండు, ఎల్‌ఈడీ తెరలు, ఈవెంట్ మేనేజరు హైదరాబాదు నుంచో చెన్నై నుంచో వస్తే ఆ బిల్లు ఆ ఊరికే పోతుంది. భోజనాల సంగతి వేరు. బియ్యం, రొయ్యలు, చేపలు, ఆఖరికి మలై కాజా కూడా ఇక్కడివే. అందుకే నెల్లూరులో వంటశాల రూపాయి నిలిచినంతగా స్టేజీ రూపాయి నిలవదు.

నాలుగోది, అదే వంద కోట్లు ఇంకెక్కడైనా పెడితే? "భూమి ప్రభుత్వానిదే కాబట్టి ఖర్చు లేదు" అనే వాక్యం కనిపించిన చోట ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. మినీ బైపాస్ పక్కన నాలుగెకరాలు ఖర్చు లేని భూమి ఎలా అవుతుంది?

## ఐదు పద్ధతులు ఒక్క చూపులో

| పద్ధతి | ఏ ప్రశ్నకు జవాబిస్తుంది | ఏం కావాలి | ఎక్కడ మోసపోతాం |
|---|---|---|---|
| తలల లెక్క | ఎంత డబ్బు చేతులు మారింది | హాజరు, తలసరి ఖర్చు | స్థానికులనూ కలిపేస్తారు |
| ఇన్‌పుట్-అవుట్‌పుట్ | ఒక రూపాయి ఏయే రంగాల్లోకి పాకింది | రంగాల మధ్య కొనుగోళ్ల పట్టిక | జిల్లాకు పట్టిక లేదు |
| ఖజానా లెక్క | ప్రభుత్వానికి తిరిగి ఎంత వచ్చింది | జీఎస్టీ, అద్దెలు, నిర్వహణ ఖర్చు | కేంద్రం వాటా కలిపేసి చెప్తారు |
| లాభ-వ్యయ విశ్లేషణ | కట్టడం మంచిదా, మానడం మంచిదా | పూర్తి ఖర్చు, ప్రత్యామ్నాయాలు, డిస్కౌంట్ రేటు (పెట్టుబడి మీద లెక్కవేసే వడ్డీ) | రేటును ఇష్టం వచ్చినట్టు ఎంచుకుంటారు |
| కట్టాక పోల్చడం | నిజంగా ఏం మారింది | ముందూ వెనుకా లెక్కలు, పోల్చదగ్గ ఇంకో ఊరు | వేరే కారణాలను హాలు ఖాతాలో వేస్తారు |

ఆరోది కూడా ఉంది, మొత్తం ఆర్థిక వ్యవస్థలో ధరలు, జీతాలు ఎలా సర్దుకుంటాయో లెక్కించే సాధారణ సమతౌల్య నమూనా. ఒక జిల్లా హాలుకు అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. వదిలేద్దాం.

## తలల లెక్క: సులువు, కోత వేస్తేనే పనికొస్తుంది

డీపీఆర్లలో ఎక్కువగా ఉండేది ఇదే. వచ్చేవాళ్లను తలసరి ఖర్చుతో, దాన్ని మళ్లీ గుణకంతో గుణిస్తారు. పద్ధతిలో తప్పు లేదు, తప్పంతా తలల్లో ఉంది. మొదటి పేజీ ఉదాహరణనే తీసుకుని కోత వేసి చూద్దాం. ఈ శాతాలు కూడా నా ఊహే. మీ దగ్గర నిజమైన శాతాలుంటే అవి పెట్టుకోండి.

| అంచె | సంఖ్య |
|---|---|
| మొత్తం హాజరు | 2,00,000 |
| జిల్లా బయటి నుంచి వచ్చినవాళ్లు (30 శాతం) | 60,000 |
| ఈ హాలు ఉన్నందుకే వచ్చినవాళ్లు (అందులో సగం) | 30,000 |
| రాత్రి ఉన్నవాళ్లు 10,000 × రూ. 3,000 | 3 కోట్లు |
| అదే రోజు తిరిగి వెళ్లినవాళ్లు 20,000 × రూ. 600 | 1.2 కోట్లు |
| కొత్తగా వచ్చిన ఖర్చు | 4.2 కోట్లు |
| మొదటి విడతలో జిల్లాలో నిలిచేది (60 శాతం) | 2.52 కోట్లు |
| గుణకం 1.3 వేస్తే | సుమారు 3.3 కోట్లు |

120 కోట్లు ఎక్కడ, 3.3 కోట్లు ఎక్కడ! ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. ప్రతి అంచెలో ఒక ప్రశ్న అడగలేదు, అంతే.

గుణకం గురించి ఒక్క మాట. గుణకం 2 అంటే అర్థం, జిల్లాలో ఒకరి చేతికొచ్చిన ప్రతి రూపాయిలో అర్ధరూపాయి మళ్లీ జిల్లాలోనే ఖర్చవుతుందని, ఆ అర్ధరూపాయిలో సగం మళ్లీ ఇక్కడేనని, అలా చివరిదాకా. లెక్క చిన్నదే: ఒకటిలోంచి ఆ నిలిచే వాటా తీసేసి, మిగిలినదానితో ఒకటిని భాగించాలి. నిలిచేది పావు వంతే అయితే గుణకం 1.33. ఫ్రిజ్ కొన్నా, ఫోన్ కొన్నా, పిల్లాడి కాలేజీ ఫీజు కట్టినా డబ్బు హద్దు దాటే జిల్లాలో సగం నిలుస్తుందంటే నేను నమ్మను. ప్రాంతం చిన్నదయ్యేకొద్దీ గుణకం తగ్గాలి. దేశానికి వేసే గుణకాన్ని తెచ్చి జిల్లాకు అతికిస్తే పెద్దాయన చొక్కా పిల్లాడికి తొడిగినట్టే ఉంటుంది.

కోత కోసే చేత్తోనే కలపాల్సింది కలపాలి కూడా. ఇప్పుడు నెల్లూరు ఆక్వా కంపెనీ డీలర్ల మీటింగు చెన్నైలో పెట్టుకుంటోంది. పెద్ద హాలు దొరక్క ఒక కుటుంబం రిసెప్షన్‌ను తిరుపతికి తీసుకెళ్లింది. ఇవి రేపు ఇక్కడే జరిగితే బయటికి పోయే డబ్బు ఆగినట్టు. స్థానికుల ఖర్చే అయినా ఇది జిల్లాకు నిజమైన లాభం. వ్యతిరేకంగా వాదించేవాళ్లు దీన్ని మర్చిపోతారు, కొన్నిసార్లు కావాలనే.

## ఇన్‌పుట్-అవుట్‌పుట్: అందంగా ఉంటుంది, కానీ పట్టిక ఎవరిది?

వాసిలీ లియాంటీఫ్‌కు 1973లో నోబెల్ తెచ్చిపెట్టిన పద్ధతి ఇది. ఏ రంగం ఏ రంగం దగ్గర ఎంత కొంటుందో పెద్ద పట్టికగా రాసి, హోటల్ రంగంలో కోటి రూపాయల గిరాకీ పెరిగితే బియ్యం, పాలు, కరెంటు, రవాణా రంగాల్లో ఎంత పెరుగుతుందో లెక్క తీస్తారు. అమెరికాలో వాళ్ల ఆర్థిక విశ్లేషణ బ్యూరో ప్రాంతాలవారీ గుణకాలను లెక్కగట్టి అందిస్తుంది. కన్సల్టెంట్లు వాటిని తీసుకుని నివేదికలు తయారు చేస్తారు.

మన దగ్గర జాతీయ గణాంక కార్యాలయం దేశం మొత్తానికి సరఫరా-వినియోగ పట్టికలు వేస్తుంది. రాష్ట్ర అర్థ గణాంక శాఖ జిల్లాల స్థూల ఉత్పత్తి అంచనా వేస్తుంది. జిల్లాలో ఏ రంగం ఏ రంగం నుంచి కొంటోందో చెప్పే అధికారిక పట్టిక మాత్రం లేదు. కాబట్టి నెల్లూరు జిల్లాకు ఇన్‌పుట్-అవుట్‌పుట్ లెక్క అని ఎవరైనా తెస్తే, దేశం పట్టికను ఏదో ఒక సూత్రంతో కుదించి ఉంటారు. ఆ సూత్రం ఏమిటి, కుదించాక స్థానికంగా కొనే వాటా ఎంత పెట్టారు అన్నవి రెండే అడగండి. జవాబు రాకపోతే ఆ నివేదికను పక్కన పెట్టేయొచ్చు.

పట్టిక సరైనదే అనుకున్నా ఇంకో లోపముంది. ఈ పద్ధతిలో మనుషులకు, గదులకు, వంటవాళ్లకు కొరతే ఉండదు. గిరాకీ ఎంత పెరిగితే సరఫరా అంత పెరుగుతుంది. మాఘమాసంలో మంచి ముహూర్తం రోజున నెల్లూరులో వంట మేస్త్రీ కోసం తిరిగినవాళ్లను అడగండి, దొరుకుతాడేమో! ఆ రోజున కొత్త హాలు కొత్త పని సృష్టించదు, ఉన్న మేస్త్రీ రేటు పెంచుతుంది.

నిర్మాణ ఉద్యోగాల లెక్క కూడా ఈ పద్ధతిలోంచే వస్తుంది. రెండేళ్ల పనిని శాశ్వత ఉద్యోగాలతో కలిపి రాసే అలవాటును గమనించండి. సిమెంటు పల్నాడు నుంచి, ఇనుము విశాఖ నుంచి, ఏసీ యంత్రాలు ఇంకా దూరం నుంచి వస్తాయి. నేల మీద పరిచే నల్ల గెలాక్సీ గ్రానైట్ ఒక్కటి చీమకుర్తిది. హాలు ఒంగోలులో అయితే అది జిల్లాలో నిలిచిన డబ్బు, నెల్లూరులో అయితే పక్క జిల్లాకు పోయిన డబ్బు. హద్దు ప్రశ్న మళ్లీ ఎదురైంది చూశారా.

ఇది ఎవరికి పనికొస్తుంది? ఏయే వ్యాపారాలకు వాటా దక్కుతుందో తెలుసుకోవాలనుకునే వ్యాపార సంఘాలకు. కట్టాలా వద్దా అని తేల్చుకోవడానికి మాత్రం కాదు. వంద కోట్లతో గొయ్యి తవ్వి పూడ్చినా ఈ పద్ధతి లాభమే చూపిస్తుంది.

## ఖజానా లెక్క: చిన్నది, కఠినమైనది

ప్రభుత్వం పెట్టిన రూపాయికి ప్రభుత్వానికి ఎంత తిరిగొచ్చింది అన్నదే దీని ప్రశ్న. హాలు అద్దె మీద జీఎస్టీ 18 శాతం, అందులో రాష్ట్రానిది సగం. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు రూ. 7,500 దాకా ఉన్న హోటల్ గదుల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. నెల్లూరు, ఒంగోలు లాడ్జి గదులు దాదాపు అన్నీ ఆ కోవలోనివే. పై ఉదాహరణలో కొత్తగా వచ్చిన 4.2 కోట్ల ఖర్చు మీద సగటున 5 శాతం అనుకుంటే పన్ను 21 లక్షలు, రాష్ట్రం వాటా పదిన్నర లక్షలు. మున్సిపల్ కార్పొరేషన్‌కు నేరుగా దక్కేది ఇంకా తక్కువ. కడుతున్నది కార్పొరేషన్ అయితే, మేలు రాష్ట్ర, కేంద్ర ఖజానాలకు పోతుంటే, ఆ విషయం ముందే తెలియాలి కదా.

ఈ లెక్క గుణం ఏమిటంటే ఇందులో కల్పనకు చోటు తక్కువ. లోపం కూడా అదే. రంగస్థల కళాకారుడికి మంచి వేదిక దొరకడం, పిల్లలకు సైన్స్ ఫెయిర్ పెట్టుకునే చోటు దొరకడం దీని కంటికి ఆనవు. టౌన్ హాలు కట్టిన కాలంలో దాని అద్దె ఎంతొస్తుందని చూసి ఉంటే నెల్లూరుకు టౌన్ హాలే వచ్చేది కాదు.

## లాభ-వ్యయ విశ్లేషణ: నా ఓటు దీనికి

మొదటి రెండు పద్ధతులూ "ప్రభావం" కొలుస్తాయి. ప్రభావం, లాభం ఒకటి కావు. తుపాను కూడా ప్రభావం చూపిస్తుంది, పైకప్పులు మళ్లీ వేయడానికి బోలెడు డబ్బు చేతులు మారుతుంది. లాభ-వ్యయ విశ్లేషణలో ఖర్చు ఖర్చుగానే ఉంటుంది, లాభాల పక్క ఎక్కదు.

వంద కోట్ల కట్టడం ముప్పై ఏళ్లు నిలుస్తుందనుకుందాం. 8 శాతం రేటుతో చూస్తే ఏటా 8.9 కోట్లు పెట్టుబడి భారం. 12 శాతం రేటైతే 12.4 కోట్లు. ఒక్క రేటు మార్చితే ఏటా మూడున్నర కోట్ల తేడా, అందుకే రెండు రేట్లతోనూ లెక్క చూపించమని అడగాలి. కరెంటు, సిబ్బంది, మరమ్మతులకు ఇంకో 3 కోట్లు అనుకుంటే తక్కువ రేటుతోనే ఏటా దాదాపు 12 కోట్లు. అద్దెల మీద 2 కోట్లు వచ్చినా, మిగతా 10 కోట్లను జనానికి కలిగే మేలు భర్తీ చేయాలి. కోత తర్వాత మిగిలిన 3.3 కోట్లు ఆ పదిలో మూడో వంతు. అది కూడా వ్యాపారం విలువే, అందులో స్థానికుల ఆదాయం ఇంకా తక్కువ.

ఇక్కడితో హాలు ఓడిపోయిందని తీర్పు చెప్పేయకండి. ఈ పద్ధతి ఇతరులు చూడని లాభాలను కూడా చూస్తుంది. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు జనాన్ని ఎక్కడ ఉంచాలో తెలియక పడ్డ అవస్థ నెల్లూరుకు గుర్తుంది. ఎత్తైన చోట, జనరేటరు, వంటశాల, మరుగుదొడ్లు ఉన్న పెద్ద భవనానికి ఆ రోజున ఉండే విలువ ఏ గుణకంలోనూ దొరకదు. ముహూర్తాల రోజుల్లో ప్రైవేటు హాళ్ల అద్దెలు దిగితే మధ్యతరగతి కుటుంబాలకు మిగిలే డబ్బూ లాభమే (హాళ్ల యజమానులకు అంత మేరా నష్టమే అనుకోండి). ఇవన్నీ ఒకే తక్కెడలో పెట్టే పద్ధతి ఇదొక్కటే.

ఇంకొక గుణం ముఖ్యమైనది: ప్రత్యామ్నాయాలను పక్కపక్కన పెట్టమంటుంది. 2023 మార్చి 3, 4 తేదీల్లో రాష్ట్ర ప్రభుత్వం ప్రపంచ పెట్టుబడిదారుల సదస్సును విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ మైదానంలో తాత్కాలిక నిర్మాణాల్లో జరిపింది. అంత పెద్ద సదస్సుకు మైదానం సరిపోయినప్పుడు, ఏడాదికి రెండు మూడు పెద్ద సభలు జరిగే జిల్లా కేంద్రానికి జర్మన్ హ్యాంగర్ టెంట్లు, ఒక మంచి మైదానం, ఉన్న హాలుకు ఏసీ సరిపోతాయా అని అడగడం అమర్యాదేమీ కాదు.

ఢిల్లీలో సుమారు 2,700 కోట్లతో కట్టిన భారత్ మండపం 2023 జులైలో తెరిస్తే సెప్టెంబరులోనే జీ20 శిఖరాగ్ర సమావేశం జరిగింది. హైదరాబాదు హెచ్‌ఐసీసీకి 2006 నుంచి కన్వెన్షన్ సెంటర్‌గా మంచి పేరుంది, పక్కనే హోటలుంది, ఊరికి అంతర్జాతీయ విమానాశ్రయం ఉంది. నెల్లూరుకు విమానాశ్రయం లేదు. సదస్సు పెట్టేవాళ్లకు మొదటి పోటీదారు చెన్నై నందంబాక్కంలోని ట్రేడ్ సెంటర్, రైలెక్కితే మూడు గంటల్లోపే. ఒంగోలుకైతే అటు విజయవాడ. ఢిల్లీ లెక్కను ఇక్కడ అతికించేవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: ముంబై నుంచి వచ్చే ప్రతినిధి ఎక్కడ దిగుతాడు, ఆ రాత్రి ఎక్కడ పడుకుంటాడు? చెన్నైలో పడుకుంటే ఆ మూడు వేలు చెన్నైవే.

## కట్టాక పోల్చడం: ఆలస్యంగా వచ్చే నిజం

అంచనాలు ఎంత నిజమయ్యాయో చూడటానికి ఇదే దారి. అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయం, శాన్ ఆంటోనియోలో పనిచేసిన హేవుడ్ శాండర్స్ ఏళ్ల తరబడి ఈ పనే చేశారు. కన్సల్టెంట్లు చెప్పిన హాజరును, తర్వాత నిజంగా వచ్చిన హాజరును పక్కపక్కన పెట్టి చూపించారు. 2005లో బ్రూకింగ్స్ అనే పరిశోధన సంస్థ ప్రచురించిన ఆయన నివేదిక ప్రకారం 1990 తర్వాత అక్కడి ప్రదర్శన స్థలం 50 శాతానికి పైగా పెరిగింది, వచ్చే జనం మాత్రం ఆ మేరకు పెరగలేదు. ప్రతి ఊరూ పక్క ఊరి సదస్సును లాక్కుంటానని కట్టింది. అందరూ కట్టాక లాక్కోవడానికి ఏం మిగులుతుంది? చివరికి అద్దె తగ్గించి, కొన్నిచోట్ల ఉచితంగా ఇచ్చి పిలవాల్సి వచ్చింది. మన రాష్ట్రంలో విజయవాడ, విశాఖ, తిరుపతి, నెల్లూరు, ఒంగోలు అన్నీ కడితే కథ వేరేగా ఉంటుందని నేననుకోను.

పోలిక ఎలా? నెల్లూరులో కట్టారు, ఒంగోలులో కట్టలేదు అనుకోండి. కట్టక ముందు అయిదేళ్లు, కట్టాక అయిదేళ్లు రెండు ఊళ్ల లాడ్జి గదుల భర్తీ, హోటళ్ల జీఎస్టీ, ఆర్టీసీ ఆదాయం చూసి, నెల్లూరులో పెరిగినదానిలోంచి ఒంగోలులో పెరిగినదాన్ని తీసేస్తే మిగిలింది హాలు పుణ్యం. వినడానికి బాగుంది. చిక్కేమిటంటే నెల్లూరు రొయ్య మీద, కృష్ణపట్నం పోర్టు మీద నడుస్తుంది, ఒంగోలు పొగాకు, గ్రానైట్ మీద. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచితే రొయ్యల రైతుకు తగిలే దెబ్బ లాడ్జి గదిలో కనపడుతుంది. ఆ ఏడాది గదులు ఖాళీగా ఉంటే హాలును తిట్టడమూ తప్పే, రొయ్య ధర లేచిన ఏడాది గదులు నిండితే హాలును పొగడటమూ తప్పే. అందుకే ఒక్క ఒంగోలు చాలదు, గుంటూరు, కడప, తిరుపతి కూడా పోలికలోకి రావాలి. 2020, 2021 కరోనా ఏళ్లు పక్కన పెట్టాలి.

ఈ పద్ధతి జవాబు వచ్చేసరికి కట్టడం అయిపోయి ఉంటుంది. కానీ తర్వాత కట్టబోయే ఊరికి ఇంతకంటే మంచి ఆధారం ఉండదు.

## ఎవరికి ఏది

మీరు కార్పొరేటరో, నిర్ణయించే కమిటీలో సభ్యులో అయితే లాభ-వ్యయ విశ్లేషణ తప్ప దేనికీ ఒప్పుకోకండి. ఖజానా లెక్కను పక్కన ఒక పేజీగా పెట్టించండి. టైమ్ లేదంటారు, అప్పుడు తలల లెక్కనే తీసుకుని కోత పట్టిక నింపమనండి. ఆ పట్టికలో శాతాలు రాసి సంతకం పెట్టడానికి కన్సల్టెంటు వెనకాడితే మీకు కావలసిన జవాబు అప్పుడే వచ్చేసింది.

విలేకరులకు సులువైన దారి ఉంది. 2005 సమాచార హక్కు చట్టం కింద డీపీఆర్ అడగండి, ముఖ్యంగా హాజరు అంచనా ఉన్న అనుబంధం. పక్క జిల్లాల్లో ఇప్పటికే ఉన్న ప్రభుత్వ ఆడిటోరియంలు గత మూడేళ్లలో ఎన్ని రోజులు నిండాయో కూడా అదే దరఖాస్తులో అడగొచ్చు. అంచనా, అసలు పక్కపక్కన పెడితే కథ దానంతటదే రాసుకుంటుంది.

లాడ్జి, మెస్, ట్రావెల్స్ వాళ్లు ఇన్‌పుట్-అవుట్‌పుట్ మోజులో పడొద్దు. మీకు కావలసింది ఏడాది మొత్తం కాదు, నెలల వారీ లెక్క. ఆషాఢంలో, పుష్యంలో, మూఢాల్లో హాలులో ఏం జరుగుతుంది? పెళ్లిళ్లు లేని ఆ రోజుల్లో సదస్సులు రాగలిగితే మీ ఖాళీ గదులు నిండుతాయి. అది నిఖార్సైన కొత్త డబ్బు. ముహూర్తాల రోజునే హాలూ నిండితే మీ గదులు ఆ రోజు ఎలాగూ నిండేవే.

ఫంక్షన్ హాలు యజమానులు ఎలాగూ వ్యతిరేకిస్తారు, వాళ్ల మాటను స్వార్థమని కొట్టిపారేస్తారు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అందరికంటే విలువైన సాక్ష్యం వాళ్ల దగ్గరే ఉంది: బుకింగ్ పుస్తకాలు. ఏడాదిలో ఎన్ని రోజులు నిండాయి, ఎంతమందిని ఖాళీ లేదని తిప్పి పంపారు, వాళ్లు ఏ ఊరు వెళ్లారు? పదిహేను హాళ్ల పుస్తకాలు, మూడేళ్లవి, తిరగేస్తే "లేకపోతే ఏమయ్యేది" అన్న ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. ఇంత చవకైన అధ్యయనం ఇంకోటి లేదు. పుస్తకాలు ఇవ్వడానికి వాళ్లు జంకుతారు, పన్నుల భయం ఒకటుంటుంది కదా. పేర్లు, డబ్బు మూసేసి తేదీలు మాత్రం ఇమ్మంటే ఇస్తారు.

ఆస్తి పన్ను కట్టే మామూలు మనిషికి ఏ పద్ధతీ చదివే ఓపిక ఉండదు, ఉండనక్కర్లేదు కూడా. ఏటా నిర్వహణ నష్టం వస్తే ఎవరు భరిస్తారు అని వార్డు సభలో అడిగితే చాలు. జవాబులో "ఆర్థిక ప్రభావం" అనే మాట వినపడితే మళ్లీ అదే ప్రశ్న అడగండి.

## కట్టక ముందే ఒక పరీక్ష

అంచనాల మీద అంచనాలు వేసేకంటే ఏడాది పాటు మైదానంలో టెంట్లు వేసి నాలుగైదు కార్యక్రమాలు జరిపి చూడటం నాకు నచ్చే దారి. ఒక ఆక్వా ఎగ్జిబిషన్, ఒక డాక్టర్ల సదస్సు, ఒంగోలులో అయితే ఒంగోలు జాతి పశువుల ప్రదర్శన. అన్నట్టు, బ్రెజిల్‌లో కోట్ల సంఖ్యలో ఉన్న మన ఒంగోలు సంతతి పశువులను వాళ్లు "నెలోర్" అనే పిలుస్తారు. రెండు ఊళ్ల పేర్లూ ఒకే ఎద్దు మీద ఉన్నాయి, అంత కథ ఉన్న ప్రదర్శన చెన్నై ట్రేడ్ సెంటర్ పెట్టలేదు.

గేటు దగ్గర ప్రతి ఇరవయ్యో మనిషికి ఒక చీటీ ఇవ్వండి. తెలుగులో, నాలుగే ప్రశ్నలు. ఏ ఊరి నుంచి వచ్చారు? ఇది లేకపోయినా ఈ వారంలో ఈ ఊరు వచ్చేవారా? ఈ రాత్రి ఎక్కడ పడుకుంటారు? ఇక్కడ ఇప్పటిదాకా ఎంత ఖర్చు పెట్టారు, ఎవరి దగ్గర? ఆ చీటీలు లెక్కపెట్టాకే డీపీఆర్ టెండరు పిలవండి.